ఏడో నంబరు గడి

మా ఆయన గిరిప్రసాద్ చెప్పులు గుమ్మం బయట విప్పుతారు. ఇరవయ్యొక్కేళ్లుగా అంతే. ఆ గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ఫస్ట్ షిఫ్ట్ దిగి, చెప్పులతోనే వంటింటి దాకా వచ్చేశారు. పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. దానివైపు చూడను కూడా చూడలేదు. ఫోను నా చేతిలో పెట్టి, "ఇది కొంచెం చదివి చెప్పు" అన్నారు.

ఆయన నాచారంలో పంపులు తయారుచేసే కంపెనీలో ఫిట్టరు. యంత్రం భాగాలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చునేలా చేసి బిగించడం ఆయన పని. కంపెనీ పంపే సర్క్యులర్లు చదవడం నా పని. నేను బీకాం ఫస్ట్ క్లాసు. ఆ ఫస్ట్ క్లాసుకి ఈ ఇంట్లో మిగిలిన ఉద్యోగం అదొక్కటే. మామూలుగా వాటిలో క్యాంటీన్ వేళలు మారాయనో, హెల్మెట్ లేనివాళ్లని గేటు దగ్గర ఆపేస్తామనో ఉంటుంది.

ఇందులో నాలుగు పేరాలున్నాయి. మొదటి పేరాలో అందరికీ శుభాకాంక్షలు. అక్కడే నాకు అనుమానం వేసింది. రెండో పేరాలో, దేశమంతా చదువులకీ పనితనాలకీ లెవెల్స్ పెట్టారనీ, ఇకమీదట కంపెనీలో పర్మనెంట్ కార్మికుల హోదా కూడా ఆ లెవెల్‌ని బట్టే ఉంటుందనీ రాశారు. మూడో పేరాలో, అందరూ ఇరవయ్యో తేదీలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి, వాటిని ఇచ్చిన చోటికే పంపి సరిచూస్తామన్నారు. నాలుగో పేరా ఒక్కటే వాక్యం. ఉద్యోగంలో చేరేటప్పుడు దరఖాస్తులో రాసిన అర్హతకీ ఇప్పుడు చూపించిన దానికీ తేడా వస్తే చర్య తీసుకోబడును. ఏం చర్యో రాయలేదు.

నేను చదవడం ఆపాక ఆయన అడిగారు. "ఆ దరఖాస్తు ఇంకా ఉంటుందంటావా?"

"ఆఫీసుల్లో పనికొచ్చే కాగితాలు పోతాయి గానీ, ఇలాంటివి ఎందుకు పోతాయండీ."

నవ్విద్దామనే అన్నాను. ఆయన నవ్వలేదు.  ఆ దరఖాస్తు నింపింది నేను.

పెళ్లయిన నాలుగో నెలలో, ఈఎస్ఐ దవాఖానా వెనక ఒక్క గదిలో ఉండేవాళ్లం. ఈయన ఆ ఫారం తెచ్చారు. అంతా ఇంగ్లీషు. నా దగ్గర చక్కని దస్తూరీ, బోలెడంత తీరిక ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ముత్యాల్లా రాసుకుంటూ ఏడో నంబరు గడి దగ్గరికొచ్చాను. విద్యార్హత. ఈయన పదో తరగతి పాసై, సామర్లకోటలో మేనమామ వర్క్‌షాపులో ఆరేళ్లు పని నేర్చుకున్నారు. ఆ ఆరేళ్లకి కాగితం లేదు. "పది అని రాసెయ్" అన్నారు. కానీ గేటు దగ్గర మేస్త్రీ మరోలా చెప్పి పంపాడట. ఐటీఐ అని రాయించుకు రండి, ఎవరూ అడగరు, లేకపోతే హెల్పరుగా వేస్తారు అని. ఆ రోజుల్లో అక్కడ చేరినవాళ్లందరూ అలాగే రాయించారు. నేను మొగుడి మాట కాదని మేస్త్రీ మాట విన్నాను. ఐటీఐ, ఫిట్టర్ అని రాసి, ఈయన చేత సంతకం పెట్టించాను. మొగుడి మాట వినకపోవడం అదే మొదటిసారి. ఆ తర్వాతవి లెక్కపెట్టలేదు.

పాసైన సంవత్సరం అనే గడి కూడా ఉంది. అందులో నేను పదో తరగతి పాసైన సంవత్సరం రాశాను, 1998 అని. చేతికి అందుబాటులో ఉన్న సంవత్సరం అదే.

సాయంత్రానికి పక్క గది కొమురెల్లి కూడా ఫారం పట్టుకొచ్చాడు. జనగామ వైపు మనిషి, అప్పటికి ఇరవయ్యేళ్లవాడు, ఎనిమిదో తరగతి తప్పి బావుల దగ్గర మోటార్లు విప్పి బిగిస్తూ పని నేర్చుకున్నవాడు. అతనికీ ఐటీఐ ఇచ్చేశాను. అతనికీ 1998 ఇచ్చాను. ఆ రోజు నా ఉదారతకి హద్దు లేదు.

సర్క్యులర్ వచ్చిన సాయంత్రమే అతనూ వచ్చాడు. ఇప్పుడు రెండు వీధుల అవతల సొంత ఇంట్లో ఉంటున్నాడు. ఈయన్ని బావ అంటాడు, నన్ను చెల్లె అంటాడు.

"ఛాయ్ పెడ్తవా చెల్లె, లేకుంటే నీగ్గూడ పెయ్యి వణుకుతుందా?"

"రెండూ అవుతున్నాయి అన్నయ్యా. కూర్చోండి."

"ఫికర్ జెయ్యకున్రి. అంబర్‌పేట్‌ల ఒకడున్నడు. యాడిదో దూరం రాష్ట్రంది ఐటీఐ సర్టిఫికెట్ తెప్పిస్తడు. పాతదాని లెక్కనే ఉంటదట. మడతలు గూడ వాడే పెడ్తడు."

"మడతలు కూడానా?"

"ఛాయ్ మరక గావాల్నంటె అదిగూడ ఏస్తడట. మస్తు నమ్మకంగుంటది."

మా ఆయన గోడ మీద క్యాలెండర్‌లో ఇరవయ్యో తేదీ చూస్తున్నారు. నేను గ్లాసులు పెట్టి అడిగాను. "ఏ సంవత్సరం వేయిస్తారు అన్నయ్యా?"

"ఫైల్ల ఏముంటె గదే. నువ్వే గద రాసింది."

"తొంభై ఎనిమిది. మీరు పుట్టిందెప్పుడు?"

"ఎనభై నాలుగు."

"అంటే పద్నాలుగేళ్లకి ఐటీఐ పాసయ్యారు. అది రెండేళ్ల చదువు. పదో తరగతి అయ్యాక చేరాలి. మీరు పన్నెండేళ్లకే పది పూర్తి చేశారన్నమాట."

కొమురెల్లి గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. "మా నాయిన అంటుండె, వీడు జర తెలివిగల్లోడు అని."

"ఎనిమిది తప్పాక కూడా అన్నారా?"

"అప్పటిసంది అనుడు బంద్ జేసిండు." నవ్వబోయాడు కానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టేశాడు. "అంటే ఏందిప్పుడు? యాడాది మారిస్తె ఫైలు తోని తేడా. మార్చకుంటె నా వయసు తోని తేడా. నన్ను ముంచినవ్ గదనే చెల్లె."

అవును, ముంచాను. కానీ మా ఆయన పుట్టింది డెబ్భై తొమ్మిదిలో. ఆయన లెక్క కుదురుతుంది. మడతలతో, మరకతో సహా కుదురుతుంది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తోచింది.   చివరికి ఈయనే, "దాన్ని తనిఖీకి పంపుతారట కొమురెల్లీ. అప్పుడు ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది" అన్నారు. 

మర్నాడు నేను ఉప్పల్ షేర్ ఆటో ఎక్కాను. ఈ లెవెల్స్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని దానికి భయపడటం కంటే తెలిసి భయపడటం మేలనిపించింది. రింగురోడ్డు దాటాక దిగి, కనుక్కుంటూ ఒక ప్రభుత్వ ఐటీఐకి వెళ్లాను. అడ్మిషన్ల బల్ల దగ్గర సుశీలమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. ఎదురుగా పదో తరగతి పాసైన పిల్లలు, వాళ్ల తల్లులు. నా వంతు వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"బిడ్డ కోసమా అమ్మా, కొడుకు కోసమా?"

"ఒకాయన కోసమండీ. మా చుట్టాలాయన. నలభై ఆరేళ్లు ఉంటాయి."

"ఆ చుట్టపాయన బువ్వ మీ ఇంట్లనే తింటడా?"

"తింటారండి."

"కూసో."

ఆవిడ పాత హాజరు కాగితం తిప్పి, వెనక అడ్డంగా గీతలు గీసింది. "ఒకటికెల్లి ఎనిమిది దాక ఉంటయమ్మా లెవెల్స్. మధ్యమధ్యల అర మెట్లు గూడ పెట్టిన్రు. పది పాసైనోడు గిక్కడ, మూడు కాడ నిలవడ్డడు. ఎనిమిదితోని ఆగినోడు రెండు కాడ. మా దగ్గర రెండేండ్ల ఫిట్టర్ కోర్సు జేస్తె నాలుగు. పాలిటెక్నిక్ డిప్లొమా అయితె ఐదు. మూడేండ్ల డిగ్రీ అయితె ఐదున్నర. నువ్వేం సదివినవ్?"

"డిగ్రీ."

"అయితె నువ్వు గిక్కడున్నవ్" అని పై గీత మీద చుక్క పెట్టింది. ఇరవయ్యొక్కేళ్లుగా నేను ఐదున్నరో లెవెల్లో నిలబడి పోపు వేస్తున్నానని నాకు అప్పటిదాకా తెలియదు.

"మరి పది పాసై, ఆ తర్వాత ఇరవయ్యేళ్ల పైన ఫిట్టరు పనే చేసినాయన ఎక్కడున్నట్టండీ?"

"కాయితం లెక్కల మూడు. చెయ్యి లెక్కల ఎంతనో పరీక్ష పెడితేనే ఎరుక." ఆవిడ మూడుకీ నాలుగుకీ మధ్య పెన్ను ఆనించింది. "దానికి తొవ్వ ఉంది. పది పాసై, గదే పనిల మూడేండ్లు దాటినోళ్లు కాలేజికి రాకున్నా ప్రైవేటుగ ట్రేడ్ టెస్ట్ రాయొచ్చు. కంప్యూటర్ మీద ఒకటి, చేతిపని ఒకటి. పాసైతె మా పోరగాండ్లకిచ్చే సర్టిఫికెటే ఇస్తరు. లెవెల్ నాలుగు."

ఆ గీతలు నా కళ్ల ముందు కాస్త వెలిగాయి. "ఎనిమిదితో ఆగినాయన కూడా రాయవచ్చా?"

"ఇంకో చుట్టమా?"

"వేరే ఇంట్లో తింటారు ఆయన."

"ఆయన గిది రాయరాదు. అనుభవం జూసి పరీక్ష వెట్టి ఇచ్చేది వేరే ఉంది. పనిని బట్టి మూడో లెవెల్‌దో, నాలుగో లెవెల్‌దో దొరుకుతది. గని అది ఐటీఐ గాదు. ఐటీఐ అని యాడ చెప్పుకోవద్దు." ఆ మాట అంటూ నా ముఖంలోకే చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"దరఖాస్తుకి ఏం కావాలండీ?"

"పది మెమో. ఫోటోలు. ఇంకా కంపెనీ లెటర్ హెడ్ మీద ఒక ఉత్తరం. ఈయన మా దగ్గర ఇన్నేండ్లు ఫిట్టర్ పని జేసిండు, పని నేర్చుకున్నది పనిలనే అని."

"అంటే ఐటీఐ చేయలేదని కంపెనీకి తెలియాలి."

"తెల్వకుంట ఎట్లిస్తరమ్మా?"

తిరిగి వచ్చే ఆటోలో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకున్నాను. ఉన్నది ఒకటే దారి. దాని మొదటి మెట్టు మేము దాక్కున్న గది గుమ్మమే. ఒప్పుకుంటే ఆ ఉత్తరంతో పాటు ఇంకో ఉత్తరం కూడా చేతికి రావచ్చు, రేపటినుంచి రానక్కర్లేదని. నలభై ఆరేళ్ల వయసులో, ఏ కాగితమూ లేకుండా, నాచారంలో ఇంకే గేటు ఈయన కోసం తెరుచుకుంటుంది? హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే, పక్కనున్నావిడ "కళ్లు తిరుగుతున్నాయామ్మా?" అని అడిగింది. లేదన్నాను. చెమటకి పిడికిట్లో కాగితం మెత్తబడిపోయింది.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఒకే వాదన.

"రాసింది నేను. నేనొచ్చి చెబుతాను" అంటాను నేను.

"సంతకం నాది. నువ్వొచ్చి ఏం చెబుతావ్? మా ఆవిడ రాసింది సార్, నాకేం తెలీదు అనాలా నేను?" అంటారు ఆయన.

"అనొద్దు. నిలబడండి చాలు. మాట్లాడేది నేను."

"ఆ మాట్లాడ్డానికే నాకు భయం రాజ్యం."

అందులో న్యాయముంది. నేను భయపడినప్పుడు నా నోటికి ఏం వస్తుందో నాకే తెలియదు.

సుశీలమ్మ చెప్పింది విని కొమురెల్లి కూడా అంబర్‌పేట్ మాట వదిలేశాడు. సోమవారం ఉదయం ముగ్గురం కంపెనీకి వెళ్లాం. కొమురెల్లి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర విజిటర్ పాస్ ఇచ్చారు. అందులో 'వచ్చిన పని' అనే గడి ఉంది. ఖాళీగా వదిలేశాను. గడులు నింపడంలో నాకు వెనకటి ఉత్సాహం లేదు.

హెచ్ఆర్ ఆఫీసర్ త్రివేణికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ముగ్గురినీ చూసి కుర్చీలు వేయించింది. మా ఆయన కూర్చోలేదు.   నేనే మొదలుపెట్టాను.

"మేడం, వీళ్లిద్దరి ఫైళ్లు తెప్పించండి. ఏడో నంబరు గడి చూడండి. ఆ రాత నాది."

ఆమెకి అర్థం కాలేదు. ఫైళ్లు వచ్చాయి. పసుపు పచ్చగా మారిన కాగితం మీద నా దస్తూరీ ఇంకా ముత్యాల్లాగే ఉంది. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే సిరా, ఒకే వంపులు.

"ఇద్దరూ ఐటీఐ. ఇద్దరూ 1998ల పాస్." కొమురెల్లి పుట్టిన తేదీ మీద వేలు పెట్టి ఆగింది. "పద్నాలుగేళ్లకా?"

"తప్పు నాదే మేడం. ఆయన్ని వయసు అడగలేదు."

"మరి 1998 అని ఎందుకు రాసిన్రు?"

"నేను పది పాసైన సంవత్సరం."

ఆమె పెదవులు కదిలాయి. నవ్వు వచ్చిందనుకుంటాను, మింగేసింది. "ఇది నవ్వే విషయం కాదు ఆంటీ. మీరు ఏ సర్టిఫికెట్ తెచ్చినా నేను తనిఖీకి పంపేదాన్ని. అది దొంగదని తిరిగొస్తే ఇక నా చేతిల ఏం ఉండకపోయేది. టర్మినేషనే."

ఆ మాట ఇంగ్లీషులో అనడం వల్ల కొంచెం దూరంగా వినిపించింది. అయినా మా ఆయన అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొమురెల్లి మెల్లిగా అన్నాడు. "మేడం, నేను ఎనిమిది ఫెయిల్. గది నిజం. పంపుసెట్టు అయితె కండ్లు మూసుకొని విప్పి బిగిస్త. అదిగూడ నిజం. రెండూ రాసుకోన్రి."

నేను సుశీలమ్మ గీతల కాగితం విప్పి బల్ల మీద పెట్టాను. ప్రైవేటుగా రాయవచ్చని, ఉత్తరం కావాలని చెప్పాను.  త్రివేణి ఆ కాగితమూ రెండు ఫైళ్లూ తీసుకుని, ప్లాంటు మేనేజరు గోపాలరావు గారి అద్దాల గదిలోకి వెళ్లింది.

మాటలు వినబడవు, మనుషులు కనబడతారు. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్లీ ఊపారు. లేచి నిలబడ్డారు. కొమురెల్లి ఫైలు తెరిచి బల్ల మీద పడేశారు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయ్యాక నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.  ఇరవై నిమిషాలయింది. గోపాలరావు గారు కూర్చుని నుదురు పట్టుకున్నారు. అప్పుడు నాకు అనిపించింది, ఆ గదిలో కూడా భయముందని. ఆ మేస్త్రీ మాట విన్నవాళ్లం మేమిద్దరమే కాదు కదా.

త్రివేణి బయటికి వచ్చి తలుపు వేసింది. "సారు అడిగిన్రు, ఇంకా ఎంతమంది ఉన్నరని. అది తెలియాలంటే ముందు వీళ్లకు ఒక తొవ్వ చూపియ్యాలె, లేకుంటే ఎవరూ నోరు తెరవరు అని నేనన్న." కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కటే చెప్పింది. ఇద్దరూ నిజం రాసిచ్చి సంతకం పెట్టాలి. కంపెనీ ఉత్తరం ఇస్తుంది. పరీక్ష అయ్యేదాకా ఉద్యోగం ఉంటుంది. పాసైతే వచ్చిన లెవెల్ ప్రకారం హోదా. తప్పితే పర్మనెంట్ రోల్స్ నుంచి తీసేసి కాంట్రాక్టరు కింద హెల్పరుగా. "ఒక్కటే ఛాన్స్. మళ్లీ అడిగితే నేను గూడ ఏం జెయ్యలేను."

కొమురెల్లి పరీక్ష ముందుగా అయింది. రెండు రోజులు పెట్టి, లెవెల్ మూడు ఇచ్చారు. ఆ సాయంత్రం మిఠాయి డబ్బాతో వచ్చి, "పుట్టినకాన్నుంచి మొదటిసారి పాసైన చెల్లె" అని కళ్లు తుడుచుకున్నాడు. మా ఆయన మిఠాయి తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఆయన భయం వేరు. పదేళ్లుగా కంపెనీలో భాగాలన్నీ కంప్యూటర్ యంత్రాల మీద కొలత తప్పకుండా వస్తున్నాయి. ఈయన బిగించడమే. పరీక్షలో మాత్రం ఆకురాయి పట్టి, ఇనుప ముక్కని చేత్తో అరగదీసి కొలతకి తేవాలి. పదేళ్లుగా ఆకురాయి పట్టని చేతులవి. ఇంటి వెనక గట్టుకి, ముక్కని కదలకుండా పట్టే వైసు బిగించి రోజూ సాయంత్రం రెండు గంటలు అరగదీసేవారు. ఆ చప్పుడుకి పై వాటా వాళ్లు టీవీ పెంచేవారు. కాలేజీలో ఉన్న మా అమ్మాయి లాప్‌టాప్ మీద మౌసు పట్టడం నేను నేర్పాను. కంప్యూటర్ పరీక్ష బాగానే రాశానన్నారు. చేతిపని పోతే అది ఎలా రాసినా ఒకటే.

చేతిపని పరీక్ష రోజు నేనూ వెళ్లాను. వద్దన్నారు. వెళ్లాను. వర్క్‌షాపు షెడ్డు కిటికీలు ఎండకి బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురుగా సైకిల్ స్టాండు గట్టు మీద కూర్చుంటే ఆయన వీపు, మోచేతులు కనిపిస్తాయి. చుట్టూ పద్దెనిమిదేళ్ల పిల్లలు. మధ్యలో తెల్లజుట్టు, కళ్లజోడు.

ఇచ్చిన పని ఏమిటో గేటు దగ్గర ఒక పిల్లాడి తల్లి చెప్పింది. ఒక ఇనుప పలకలో చదరంగా కంత చేయాలి. ఇంకో ముక్కని అందులో సరిగ్గా కూర్చోబెట్టాలి. పరీక్షకుడు ఆ రెంటినీ కలిపి వెలుతురుకి ఎత్తి చూస్తాడట. సందులోంచి వెలుగు కనబడితే పోయినట్టే.

పొద్దున తొమ్మిదికి మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన మోచేయి ఆగిపోయింది. చాలాసేపు కదలలేదు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డారు.  నేను లేచాను. లేచి ఏం చేస్తాను? మళ్లీ కూర్చున్నాను. ఇరవయ్యొక్కేళ్ల కిందట నాకు అర నిమిషం పట్టిన పని, ఆయనకి రోజంతా పడుతోంది.

కాసేపటికి మోచేయి మళ్లీ కదిలింది. నెమ్మదిగా, పొట్టి పొట్టి దెబ్బలు.

నాలుగు దాటాక పరీక్షకుడు బల్ల దగ్గరికి వచ్చాడు. ముక్కలు రెండూ తీసుకుని కిటికీ దగ్గరికే వచ్చి, వెలుతురుకి ఎత్తాడు. నాకు అతని ముఖం ఎదురుగా ఉంది. ఒక కన్ను మూశాడు. ముక్కని తిప్పి ఇంకో వైపు చూశాడు. మళ్లీ తిప్పాడు. నేను ఊపిరి ఎక్కడ పెట్టానో తెలియదు. నాలుగు వైపులూ అయ్యాక, చేతిలో ఉన్న అట్ట మీద కాగితంలో ఏదో రాసుకున్నాడు.

"అయిపోయింది. పోయి చేతులు కడుక్కో."

మా ఆయన కదలలేదు. "ఇంకోసారి చూడండి సార్."

"చూసిన గద పెద్దాయనా."

"ఆ కింద మూల సరిగ్గా చూశారా? నాకక్కడే అనుమానం."

పరీక్షకుడు నిట్టూర్చి, మళ్లీ ఎత్తి ఆ మూలే చూశాడు. తర్వాత ముక్కల్ని మా ఆయన చేతిలో పెట్టి, కిటికీ వైపు తిప్పి నిలబెట్టాడు. "నువ్వే సూడు. ఏమన్న కనవడ్తుందా?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదకి జరుపుకుని, ముక్కని ఎండకి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"లేదు సార్" అన్నారు. "ఏం లేదు."